తొలిచూపు తీర్పు

తక్కిన నవలలను చదువునప్పుడు మనము శ్రోతలము. హత్యాకథను చదువునప్పుడు న్యాయాధిపతులము. ఇతర కథలలోని పాత్రములతో మెల్లగా పరిచయము చేసికొని వారి సుఖదుఃఖములలో పాలుపంచుకొందుము. హత్యాకథలోనో, గడప దాటి లోనికి వచ్చిన ప్రతివాని ముఖమును పరికించి, "వీడు చేసియుండునా?" యని మనలో మనము ప్రశ్నించుకొందుము. మొదటి యేబది పుటలు ముగియునప్పటికి మన మనస్సున నొక తీర్పు సిద్ధమైయుండును. అప్పటికి సాక్షులు రాలేదు, వాదములు జరుగలేదు, నేరమెట్లు జరిగినదో యైనను సరిగా తెలియదు. అయినను, ఈ దాది చూపు మంచిది కాదనియు, ఆ పెద్దమనుష్యుడు అట్టి పని చేయడనియు నిశ్చయించుకొందుము.

ఈ తొలితీర్పునకు ఆధారమేమి? గ్రంథకర్త మన కిచ్చిన సాక్ష్యము స్వల్పము. మిగిలిన దంతయు మనము పుస్తకము చేతబట్టుటకు ముందే మనవెంట తెచ్చుకొన్న యభిప్రాయసంచయము: ధనికుడు గౌరవనీయుడు, సేవకురాలు సందేహాస్పదురాలు, పరదేశి ప్రమాదకారి, అంగవైకల్యము గలవాడు మనోవైకల్యము గలవాడు అను నవి. కాలక్షేపమునకు చదువు కథలో నిట్టి తీర్పులవలన కలుగు నష్టమేమని యడుగవచ్చును. ఈ పొరపాటు కథలలో మాత్రమే జరిగినచో నష్టము లేదు. కాని ఇంగ్లండు దేశచరిత్రలోని యొక హత్యయు, దానినుండి పుట్టిన యొక నవలయు జూచినచో, చదువరి తొలితీర్పునకును సంఘముయొక్క తొలితీర్పునకును గల చుట్టరికము స్పష్టమగును.

ఆ నవల విల్కీ కాలిన్స్ 1868వ సంవత్సరమున ప్రకటించిన "ది మూన్‌స్టోన్". మన భాషలో చంద్రకాంతమణి యనవచ్చును. హత్యతో నారంభమై, దొంగతనముమీదుగా నడచి, మరల హత్యచేత ముడివీడు నీ గ్రంథము ఇంగ్లీషున అపరాధపరిశోధక నవలలకు త్రోవ చూపినదని పేరొందినది. దానికి మూలమైన నిజవృత్తాంతమును ముందుగా చెప్పవలెను.

1860వ సంవత్సరము జూన్ 29వ తేదీ రాత్రి, విల్ట్‌షైరు సీమలోని రోడ్ అను గ్రామమున, రోడ్‌హిల్ అను పెద్ద భవనములో, దాదిగదియందు నిద్రించుచున్న సావిల్ కెంట్ అను పసివాడు మాయమయ్యెను. వానికి నాలుగేండ్లు నిండలేదు. మరునాటి యుదయమున ఆవరణలోని మరుగుదొడ్డి గుంటలో వాని శవము దొరకెను. గొంతు కోయబడియుండెను. తండ్రి సామ్యూల్ కెంట్ కర్మాగారములను తనిఖీచేయు ప్రభుత్వోద్యోగి. ఊరిలో పరువు గలవాడు. రాత్రి తలుపులు మూసి గడియలు వేసికొన్న యింటిలో జరిగిన ఘోరమగుటచే, ఇంటిలోనివారే దీనికి కారకులని యెల్లరకును దోచెను.

ఇంటిలోనివారిలో నెవరు? స్థానిక పోలీసు అధికారులు యజమానికుటుంబమును గట్టిగా ప్రశ్నించుటకు జంకిరి. వారి దృష్టి ముందుగా పడినది దాదియైన ఎలిజబెత్ గాఫ్ మీద. ఆమె ఆ గదిలో నిద్రించినది, పరిచారిక, ఆమె పక్షమున మాటలాడువారు లేరు. అనుమానమునకు ఇంతకన్న సుకరమైన స్థానము దొరకదు. పక్షము దినములు గడచినను ఏమియు తేలకపోవుటచే, లండను నగరమునుండి జొనాథన్ విచర్ అను పరిశోధకుడు పంపబడెను. 1842లో ఎనిమిదిమందితో నేర్పడిన మొదటి డిటెక్టివు శాఖలో నతడొకడు, తోటమాలి కొడుకు. అతడు చాకలిపద్దును పరీక్షించెను. సామ్యూల్ కెంట్ మొదటి భార్య కుమార్తెయు, పదునారేండ్ల బాలికయు నగు కాన్‌స్టెన్స్ రాత్రి ధరించు చొక్కాయి యొకటి పద్దులో నుండియు కనబడకుండుట గమనించెను. జూలై 20వ తేదీన నామెను నిర్బంధింపజేసెను.

దేశమంతయు మండిపడెను. గౌరవకుటుంబములోని కన్య తన సవతితమ్ముని చంపునా? అట్లు తలచిన పోలీసువాని మనస్సెంత నీచమైనది! పెద్దయింటి ఆడపిల్లల దుస్తులను లెక్కపెట్టుటకు తోటమాలి కొడుకునకు అధికారమెక్కడిది? వారము దినములలో మేజస్ట్రేటులు కాన్‌స్టెన్సును విడిచిపెట్టిరి. పత్రికలును, న్యాయవాదులును విచర్‌ను దూషించిరి. ఊరూరనుండి చదువుకొన్న వారు తమతమ యూహలను లేఖలుగా వ్రాసి ప్రభుత్వమునకును, పోలీసువారికిని పంపిరి. ఆ సంవత్సరమే శరత్కాలమున దాదిని మరల నిర్బంధించి, సాక్ష్యము చాలక మరల విడిచిరి. మహానవలాకారుడైన చార్లెస్ డికెన్స్ సైతము, తండ్రియు దాదియు గలసి చేసియుందురని తన మిత్రుడైన కాలిన్స్‌కు ఆ అక్టోబరు మాసమున జాబు వ్రాసెను. వేలకొలది పాత్రముల మనస్సులను జదివిన యా మహానుభావుడును ఇంటనే కూర్చుండి వార్తాపత్రికను నవలవలె జదివి తీర్పు చెప్పెను.

విచర్ మనశ్శరీరములు రెండును చెడి 1864లో ఉద్యోగము విడిచెను. మరుసటి సంవత్సరము, అనగా 1865 ఏప్రిలులో, కాన్‌స్టెన్స్ కెంట్ తనంత తానే లండను న్యాయస్థానమునకు వచ్చి, ఆ హత్య తాను చేసితినని యొప్పుకొనెను. మరణదండన విధింపబడి, పిమ్మట యావజ్జీవశిక్షగా మార్చబడెను. ఇరువది సంవత్సరములు చెరలో నుండి 1885లో విడుదలపొంది, ఆస్ట్రేలియాకు వెళ్లి, వేరుపేరుతో రోగులకు పరిచర్య చేయుచు నూరేండ్లు జీవించి 1944లో మరణించెను. ఆమె యొప్పుకోలులో చెప్పినదంతయు నిజమా, మరియెవరినైన కాపాడుటకు కొంత దాచినదా యని నేటికిని సంశయించువారు కలరు. కాని విచర్ మీద జనులు చెప్పిన తీర్పు తప్పని మాత్రము తేలిపోయెను. అతని కీర్తి మరల కొంత చిగిర్చినది గాని, పోయిన యుద్యోగము మరల రాలేదు. రెండుమారులు నిర్బంధింపబడిన దాదికి లోకము క్షమాపణము చెప్పినదియు లేదు.

ఈ చరిత్రలో ముగ్గురి విషయమున జనులకు తొలియభిప్రాయము లేర్పడెను. కన్య నిర్దోషి, దాది దోషి, పోలీసువాడు కుసంస్కారి. ఈ మూడును సాక్ష్యమునుండి పుట్టినవి కావు. వారివారి తరగతులనుబట్టి పుట్టినవి. ఈ సంగతి కాలిన్స్ మనస్సున నాటుకొన్నది. ఎనిమిదేండ్ల పిమ్మట నతడు వ్రాసిన నవలలో చాకలిపద్దును, కనబడని రాత్రిచొక్కాయయు, పెద్దయింటిలోనికి వచ్చిన సామాన్యుడగు పరిశోధకుడును మరల కనబడుదురు. పసివాని హత్యకు మారుగా ఒక వజ్రము పోవును.

ఈ నవల డికెన్స్ నడపుచుండిన "ఆల్ ది ఇయర్ రౌండ్" అను వారపత్రికలో 1868 జనవరి 4వ తేదీ మొదలు ఆగస్టు 8వ తేదీ వరకు 32 భాగములుగా వెలువడెను. క్రొత్త సంచిక వచ్చు దినమున కార్యాలయమునొద్ద జనులు గుమిగూడుచుండిరని దానిని పుస్తకముగా ప్రకటించిన టిన్స్‌లీ తరువాత స్మరించుకొనెను. వారము వారము తెచ్చి చదువుటలో నొక విశేషము కలదు. ఒక భాగమునకును మరియొక భాగమునకును నడుమ ఏడుదినములు చదువరి ఊరకుండడు. భోజనపు బల్లవద్దను, బండిలోను, దొంగ యెవరను చర్చయే. సాక్ష్యము వారమునకొకమారు వచ్చును; అనుమానము ప్రతిదినమును పెరుగును.

అట్టి చదువరులయెదుట కాలిన్స్ మొట్టమొదట నుంచినది మన దేశమునే. 1799 మే 4వ తేదీన ఇంగ్లీషు సేనలు శ్రీరంగపట్టణమును పట్టుకొనిన దినమున, జాన్ హెర్న్‌కాసిల్ అను సైన్యాధికారి టిప్పుసుల్తాను ధనాగారములో జొరబడును. అతని బంధువు వచ్చి చూచునప్పటికి, ఇద్దరు హిందువులు చచ్చి పడియుందురు. మూడవవాడు ప్రాణములు విడుచుచుండును. హెర్న్‌కాసిల్ చేతిలోని బాకునుండి రక్తము కారుచుండును. చంద్రదేవుని విగ్రహము నొసటినుండి పూర్వము అపహరింపబడిన వజ్రము అప్పటినుండి ఇంగ్లీషువాని సొమ్మగును. చంపుచుండగా చూడలేదు గనుక ఆ బంధువు బహిరంగముగా నేరము మోపడు. కాని అతని మనస్సునకు సందేహము లేదు.

కథలోని మొదటి దొంగయు, మొదటి హంతకుడును ఇంగ్లీషు సైన్యాధికారి యని మొదటి పుటలే చెప్పుచున్నవి. తరువాత నేమి జరుగును? ఏబదియేండ్లు గడచి, 1848లో ఆ వజ్రము యార్క్‌షైరులోని యొక భవనమునకు, రేచల్ వెరిండర్ అను కన్య పదునెనిమిదవ జన్మదినకానుకగా వచ్చును. గారడీవాండ్ర వేషములో ముగ్గురు బ్రాహ్మణులు ఆ యింటి వాకిట కనబడుదురు. ఆ రాత్రి వజ్రము మాయమగును. చదువరి మనస్సు తటాలున వారిమీదికి పరుగెత్తును. శ్రీరంగపట్టణపు బాకు మరపునకు వచ్చును. 1857 నాటి తిరుగుబాటు జరిగి అప్పటికి పదునొకండేండ్లే యైనది. ఆనాడు డికెన్స్ మొదలగు ననేకులు హిందూదేశస్థులపై నిప్పులు గ్రక్కిరి. కాలిన్స్ మాత్రము 1858లో డికెన్స్ పత్రికయందే సిపాయిలను గూర్చి యొక వ్యాసము వ్రాసి, దయాధర్మములు వారి దేశమున పూర్వమునుండియు నున్నవని సూచించెను. చదువరుల మనస్సులో నెట్టి ముఖములు హంతకుల ముఖములుగా పాదుకొనియున్నవో అతనికి బాగుగా తెలియును. ఆ ముఖములనే వారి వాకిట నిలిపెను.

స్థానిక పోలీసు అధికారి సీగ్రేవ్ చదువరివంటివాడే. ముగ్గురు బ్రాహ్మణులను చెరలో బెట్టించును. కాని దొంగతనము జరిగిన వేళ వారు ఊరిలోనే యుండిరని సాక్ష్యము దొరకును. అంతట నతడు సేవకులవైపు తిరుగును. రోడ్‌హిల్ కథలో దాదిమీద పడిన చూపు ఇక్కడ రోజానా స్పియర్మన్ మీద పడును. ఆమె ఆ యింటి పనికత్తె, పూర్వము దొంగతనము చేసి శిక్ష యనుభవించి, శరణాలయములో మంచిమార్గమునకు వచ్చినది, ఒక భుజము వంకర, అందగత్తె కాదు, ఎవరితోను కలియదు. అసత్యములు చెప్పి ఒంటరిగా సముద్రతీరమునకు బోవుచుండును. ఇంత సాక్ష్యముండగా నింకేమి కావలెనని చదువరికి దోచును. ఆమె యొకనాడు ఊబియిసుకలో పడి ప్రాణము విడిచినప్పుడు, పాపమునకు ఫలము కలిగినదని తలచువారును ఉందురు.

ఒక సంవత్సరము గడచిన పిమ్మట ఆమె వ్రాసియుంచిన జాబు బయటపడును. ఇంటికి వచ్చిన ఫ్రాంక్లిన్ బ్లేక్ అను యువకుని ఆమె ప్రేమించినది. తలుపునకు వేసిన పచ్చిరంగు అతని రాత్రిచొక్కాయకు అంటియుండుట జూచి, అతడే దొంగయని గ్రహించి, అతనిని కాపాడుటకై ఆ చొక్కాయను దాచినది. ఆమె దొంగచూపులు, అసత్యములు, సముద్రతీరమున తిరుగుట, అంతయు అందుకొరకే. అతడామెవైపు కన్నెత్తి చూచినవాడు కాడు. పెక్కు హత్యాకథలలో నిజము బయటపడినప్పుడు చదువరికి ఆశ్చర్యము కలుగును. ఇక్కడ కలుగునది సిగ్గు. మనము దోషమునకు చిహ్నములని పట్టుకొన్నవన్నియు దుఃఖమునకు చిహ్నములు. మన తీర్పు తప్పని తెలియునప్పటికి ఆమె లేదు.

పరిశోధకుడగు సార్జెంటు కఫ్ మన తీర్పునకు మరియొక పరీక్ష. విచర్‌ను మనస్సున నుంచుకొని కాలిన్స్ ఈ పాత్రమును కల్పించెను. బక్కపలుచనివాడు, పండుటాకువంటి మోము, గులాబిచెట్లమీది మోజు. చూచినవారికి పాదిరివలె గాని, శవసంస్కారములు జరిపించువానివలె గాని కనబడునే తప్ప గొప్ప పరిశోధకుడని తోచడు. సీగ్రేవ్ లక్ష్యము చేయని రంగుమరకను అతడు గుర్తించును. అంతట మనకు అతనిపై భక్తి కలుగును. అతడు చెప్పినదెల్ల నిజమని నమ్ముదుము. అతడో, వజ్రమును దాచినది రేచలే యని చెప్పును. ఆమె మౌనమే అతనికి సాక్ష్యము. నిజమునకు, ఫ్రాంక్లిన్ వజ్రమును తీయుట ఆమె కన్నులార చూచినది. ప్రేమించినవానిని దొంగయనలేక నోరు మూసికొన్నది. సమర్థుడైన పరిశోధకుడును ఆడుదాని మౌనమును దోషముగా చదివెను. మన యిండ్లలోను స్త్రీ మాటలాడకుండుటను ఒప్పుకోలుగా ఎన్నిమారులు చదువుచున్నాము!

ఇక గాడ్‌ఫ్రీ ఏబుల్‌వైట్. ఆరడుగుల పొడవు, ఎరుపు తెలుపు కలిసిన మేనిచాయ, నునుపైన ముఖము, పట్టువంటి బంగారువన్నె జుట్టు. ఇంటిపేరులోనే తెలుపు కలదు. దిక్కులేని స్త్రీల నుద్ధరించు సంఘములన్నిటికిని అతడే పెద్ద. ధర్మకార్యసభలలో నతని యుపన్యాసమునకు స్త్రీలు కన్నీరు విడుతురు. కరపత్రములు పంచుచు తిరుగు మిస్ క్లాక్ అను నామె అతనిని మహాపురుషునిగా వర్ణించును. ఆమె మూఢభక్తిని జూచి మనము నవ్వుదుము. నవ్వుచునే సగము నమ్ముదుము. ఆ పరోపకారియే తన పాలనలో నున్న యొక బాలుని ఇరువదివేల పౌనుల ధనమును దొంగసంతకములతో హరించినవాడు. వజ్రమును కాజేసి కుదువబెట్టినవాడును అతడే. సంఘసంస్కారకార్యములలో పాల్గొను మనవంటివారు ఈ పాత్రమును రెండుమారులు చదువవలెను. సభాధ్యక్షపీఠము శీలమునకు సాక్షి కాదు. కాలిన్స్ సంస్కారమును హేళన చేయలేదు. సంస్కారము ముసుగుగా ధరించినవాని ముఖమును చూపెను.

ఆ ముసుగు తొలగు ఘట్టము ఈ గ్రంథమున కెల్ల తాళపుచెవి. లండనులోని యొక సత్రములో నల్లని మొగము, నల్లని గడ్డము గల నావికుడు హతుడై పడియుండును. సార్జెంటు కఫ్ వచ్చి గడ్డమును లాగును, జుట్టును లాగును, మొగమునకు పూసిన రంగును కడుగును. లోపలినుండి గాడ్‌ఫ్రీ తెల్లని మొగము బయటపడును. నేరమును దాచుటకు ఇంగ్లండులో నన్నిటికంటె మంచి వేషము తెల్లని మొగమే యని గ్రహించి, అంతకాలము దానినే ధరించినవాడు, కడపట పారిపోవలసి వచ్చినప్పుడు నల్లనిమొగమును పూసికొనెను. ఆ నల్లరంగు అతనిని కాపాడలేదు.

నిజమును కనుగొన్నవాడెవడు? ఊరిలో నెవరికిని గిట్టని ఎజ్రా జెన్నింగ్స్. వైద్యునికి సహాయకుడు, తల్లి ఇంగ్లండు దేశపుది కాదు, మొగము నల్లన, జుట్టు సగము తెలుపు, సగము నలుపు, పూర్వము ఏదో యపవాదునకు గురియైనవాడు, రోగబాధచే నల్లమందు తినువాడు. బెటరెడ్జ్ అను ముసలి గృహకార్యదర్శి మొదలు ఎల్లరును అతనిని జూచి మొగము చిట్లించుకొందురు. జ్వరములో వైద్యుడు పలవరించిన తునుకమాటలను అతడు ఓపికతో గూర్చి, వైద్యుడు తెలియకుండ నిచ్చిన నల్లమందు మత్తులో ఫ్రాంక్లిన్ వజ్రమును తీసెననియు, తీసినది దొంగిలించుటకు గాక భద్రపరచుటకే యనియు కనుగొనును. మరల ఆ మందిచ్చి పరీక్షించి నిరూపించును. లోకముచే తొలిచూపుతోనే దోషిగా నెంచబడినవాడు, తీర్పు చెప్పుటకు ముందు పరీక్ష చేయవలెనని యెరుగును. తాను పొందిన యన్యాయమే అతనికి గురువు.

ఫ్రాంక్లిన్‌ను మాత్రము మన మెవ్వరమును అనుమానింపము. అతడు సుందరుడు, నాయకుడు, దొంగను పట్టుకొనుటకు నందరికంటె నెక్కువగా పాటుపడువాడు. వజ్రమును తీసిన చేయి అతనిదే. ఈ యుపాయమునే 1926లో అగాథా క్రిస్టీ "ది మర్డర్ ఆఫ్ రోజర్ ఆక్రాయిడ్" అను నవలలో కడకంట నడిపి, కథ చెప్పు వైద్యునే హంతకునిగా జూపెను. ఆ గ్రంథము చదివి మోసపోయితిమని కోపించినవారు పెక్కుమంది. వైద్యుడు, పొరుగువాడు, మెత్తగా మాటలాడువాడు అని నమ్మినది తామేయని వారు గ్రహింపరైరి. ఈ యితిహాసమునకు వికృతమైన మరియొక వైపును కలదు. చౌకబారు కథలలో చీనాదేశస్థుడే దుష్టుడగుట ఎంత వాడుకయైనదనగా, 1929లో రోనల్డ్ నాక్స్ అపరాధకథలకు పది నియమములు వ్రాయుచు, కథలోనికి చీనావానిని తీసికొని రారాదని యొక నియమముగానే పెట్టెను. అది వేళాకోళమే గాని, వేళాకోళమున కంత యవకాశమున్నదన్న సంగతి వేళాకోళము కాదు.

కాలిన్స్ చెప్పినది తొలిచూపునకు విరుద్ధమైనదే నిజమని కాదు. అట్లనుకొనుట మరియొక మూఢత. మొదట మన మనుమానించిన ముగ్గురు బ్రాహ్మణులు వజ్రమును దొంగిలింపలేదు. కాని కడపట గాడ్‌ఫ్రీని చంపి వజ్రమును తీసికొని పోయినవారు వారే. ఆ హత్యను కాలిన్స్ దాచలేదు. వజ్రమును సోమనాథక్షేత్రముచెంత దేవుని నొసట నిలిపి, కులధర్మము తప్పినందుకు ప్రాయశ్చిత్తముగా ముగ్గురును ముత్తెరువుల విడిపోవు దృశ్యమును గూడ చూపెను. వారు హంతకులును, భక్తులును, దోచుకొనబడినవారును. ఏ యొక్క పేరును వారికి చాలదు. విచర్ చరిత్రలోను అట్లే. అతడు కన్యపై పడిన తన యనుమానమును సాక్ష్యముతో పరీక్షించెను. లోకము తన యనుమానమును సాక్ష్యముగా నెంచుకొనెను. అనుమానము కలుగుట తప్పు కాదు. తప్పు దానిని పరీక్షింపకుండుట.

ఈ తప్పు పుస్తకములలో నిలువక శాస్త్రములోనికిని, శాసనములోనికిని దిగెను. 1876లో ఇటలీ వైద్యుడగు లాంబ్రోసో, నేరస్థుడు పుట్టుకతోనే నేరస్థుడనియు, దవడలు, చెవులు, నొసలు చూచి వానిని గుర్తింపవచ్చుననియు గ్రంథము వ్రాసెను. హత్యాకథల చదువరి తొలిచూపును శాస్త్రమని చెప్పుట తప్ప ఇది మరేమియు కాదు. ఇంగ్లండులో చార్లెస్ గోరింగ్ దాదాపు మూడువేలమంది ఖైదీలను కొలిచి, అట్టి ప్రత్యేకమైన నేరస్థజాతి లేదని 1913లో ప్రకటించెను. అంతలో నెంతో కీడు జరిగిపోయెను.

మన దేశమున ఆ కీడు శాసనరూపము దాల్చెను. చంద్రకాంతమణి వెలువడిన మూడేండ్లకు, 1871లో, హిందూదేశ ప్రభుత్వము నేరస్థజాతుల చట్టమును చేసెను. దానిప్రకారము ఒక కులమునంతటిని పుట్టుకచేతనే నేరస్థులుగా ప్రకటింపవచ్చును. ఒక్కొక్కని నేరమును రుజువు చేయనక్కరలేదు. 1911 నాటి చట్టముతో నది మదరాసు రాజధానికిని వచ్చెను. తెలుగుదేశమున ఎరుకల కుటుంబములు అనేకములు ఈ చట్టముక్రింద పోలీసు పట్టీల కెక్కినవి. సాల్వేషన్ ఆర్మీవారి నిర్వహణములో బాపట్ల సమీపమున స్టువర్టుపురము అను నివేశము ఏర్పడెను; మదరాసు గవర్నరు కార్యాలోచనసభ సభ్యుడగు హెరాల్డ్ స్టువర్టు పేర దాని కా నామము కలిగెను. అక్కడ పుట్టిన శిశువునకు పేరు పెట్టుటకు ముందే లోకము ఒక పేరు పెట్టియుంచెను. ఆ శాసనము 1952లో దేశమంతట రద్దయ్యెను. ఊరిపేరు చెప్పగనే వినువాని కనుబొమలు ముడిపడుట అంతటితో రద్దు కాలేదు. జాషువా కవి కుమార్తెయైన హేమలతయు, ఆమె భర్త లవణమును 1970 ప్రాంతములందు స్టువర్టుపురమునకు బోయి, ఆ జనులతో కూర్చుండి మాటలాడి, పనికిని చదువునకును త్రోవ చూపుటకు పాటుపడిరి. వారు చేసినది ఎజ్రా జెన్నింగ్స్ చేసినదే: లోకమిచ్చిన తీర్పును ప్రక్కకు బెట్టి, మొదటినుండి వినుట.

తెలుగువారికి అపరాధపరిశోధక నవలలు క్రొత్తవి కావు. ఇరువదవ శతాబ్దారంభమున వంగభాషనుండి వచ్చినవి మొదలుకొని, తరువాత కొమ్మూరి సాంబశివరావు కల్పించిన యుగంధరుని కథలవరకు, మన యిండ్లలో తలుపుచాటున చదివినవారు లెక్కలేనంతమంది. పెద్దలు వానిని కాలహరణమని నిందించిరి. చదువు విధమునుబట్టి అవి కాలహరణమును కావచ్చును, విద్యయును కావచ్చును. మొదటి యేబది పుటలు ముగియగనే పుస్తకము మూసి, తాను ఎవరి ననుమానించెనో, ఎందుచేత ననుమానించెనో ఒక కాగితముమీద వ్రాసికొనిన చదువరి, కడపటి పుట చదివిన పిమ్మట ఆ కాగితమును మరల జూచుకొనవలెను. హంతకుడు దొరకకపోవచ్చును, తన మనస్సులోని కొలతబద్ద దొరకును. ఆ కొలతబద్దతోనే అతడు రేపు తన యింటి పనిమనిషిని, పొరుగూరి వానిని, క్రొత్తగా వచ్చిన కోడలిని కొలువబోవుచున్నాడు. ఇంటిలో వెండిగిన్నె కనబడనప్పుడు ముందుగా ఎవరి మూట విప్పించుచున్నామో తలచుకొన్నచో, రోడ్‌హిల్ మనకు దూరదేశము కాదు.